పాలిస్టర్ బ్యాగుల మీద తెల్ల ఇంకు నిలబెట్టడం: ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

విజయవాడ షెడ్డులో మూడు రకాల సరుకు ఉంది. మెరూన్ స్కూలు బ్యాగులు పూర్తిగా కుట్టేసి వచ్చాయి. ముదురు నీలం బ్యాగులకు ముందు జేబు ముక్కలు మాత్రమే, కుట్టకముందే, కట్టలుగా వచ్చాయి. క్రీము రంగు చేతిసంచులు విడిగా ఉన్నాయి. పని స్క్రీన్ ప్రింటింగ్, అంటే ఫ్రేముకు బిగించిన జల్లెడ బట్ట గుండా ఇంకును నొక్కి అచ్చు వేయడం. మెరూన్, నీలం మీద తెల్ల గుర్తు వేయాలి, క్రీము మీద ముదురు ఆకుపచ్చ. గుర్తు కింద తెలుగులో బడి పేరు ఉంటుంది. అచ్చు కొలత 20 × 15 సెంటీమీటర్లు.

కొట్టుకెళ్లి పాలిస్టర్ ఇంకు ఇవ్వండి అంటే ఏదో ఒక డబ్బా ఇస్తారు. అది పనికి రావొచ్చు, రాకపోవచ్చు. బట్టకు అద్దిన రంగు ఎంత వేడికి బయటికొస్తుంది, బట్ట మీద ఏ పూత ఉంది, సరుకు ముక్కగా ఉందా కుట్టేసి ఉందా అన్న మూడు సంగతులే ఇంకును తేలుస్తాయి. ఇవి తెలిసేదాకా ఏ డబ్బా మూతా తీయకూడదని మొదటే అనుకున్నాం.

బట్ట తేల్చుకోవడం

బ్యాగు లోపలి కుట్టు అంచు నుంచి నాలుగు పోగులు లాగి, ఒక చుక్క సబ్బు కలిపిన నీళ్లలో వేశాం. సబ్బు లేకపోతే పోగుకు గాలి బుడగలు పట్టి, మునగాల్సింది కూడా తేలుతుంది. పాలీప్రొపిలీన్ సాంద్రత 0.9 కాబట్టి తేలుతుంది. పాలిస్టర్ 1.38, నైలాన్ 1.14, రెండూ మునుగుతాయి. బజారులో పాలిస్టర్ అని అమ్మే నాన్ వోవెన్ (నేయని బట్ట) సంచులు చాలావరకు పాలీప్రొపిలీన్. అది 160-165 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి పాలిస్టర్‌కు రాసుకున్న డ్రయ్యర్ (ఇంకును గట్టిపరిచే వేడి యంత్రం) లెక్క దానికి పెడితే సంచి ముడుచుకుపోతుంది. మా పోగులు మూడు రకాల్లోనూ మునిగాయి. కాల్చితే నల్లటి మసి పొగ వచ్చింది, కొసన గట్టి నల్ల గుండు మిగిలింది. అది పాలిస్టరే. నైలాన్ పొగ ఇంత నల్లగా ఉండదు, గుండు కూడా లేత గోధుమ రంగులో ఉంటుంది.

తర్వాత వెనక పూత. పూత పీయూనా (పాలీయురేథేన్) పీవీసీనా అన్నది చేత్తో తడిమి చెప్పేవాళ్లున్నారు గానీ, రాగి తీగ పరీక్ష ఖాయంగా చెబుతుంది. తీగను మంటలో ఎర్రగా కాల్చి, పూత మీద ఆనించి, మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉంది, అంటే పీవీసీ. ఆ పొగ మంచిది కాదు, షెడ్డు బయట చేయాలి. మెరూన్ బ్యాగులకూ నీలం ముక్కలకూ పీయూ పూత, చేతిసంచికి పూతే లేదు. పీవీసీ పూత వచ్చి ఉంటే లెక్క మారేది. దానిలోని ప్లాస్టిసైజర్ (ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే ద్రవం) నెలల తరబడి మెల్లగా కదులుతూ, ముద్రను జిగటగా చేస్తుంది. బ్యాగులు పేర్చి ఉంచితే ఒకదాని ముద్ర ఇంకోదాని వెనక పూతకు అంటుకుంటుంది.

చివరిది నీటి చుక్క. మెరూన్ ముఖం మీద చుక్క ముత్యంలా నిలబడింది. అంటే నీళ్లు పీల్చకుండా రసాయనం పట్టించారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ తడిపి రెండుసార్లు ఒకే దిశలో తుడిచాక చుక్క కొద్దిగా పరుచుకుంది. ఇలా పరుచుకుంటే మిగతా పరీక్షలకు వెళ్లవచ్చు. తుడిచినా చుక్క చెక్కుచెదరకపోతే సిలికాన్ లేదా ఫ్లోరోకార్బన్ పూత గట్టిగా పట్టిందని అర్థం. అప్పుడు ఇంకు మార్చి చూడటం వృథా, ఆ పూత లేని బట్టే అడగాలి.

బట్ట రంగు ఇంకులోకి ఎక్కడం

పాలిస్టర్ పనిలో అసలు పోరాటం ఇక్కడే. మిగతా లోపాలు అచ్చు వేసిన రోజే కనబడతాయి. ఇది మాత్రం బ్యాగులు కొన్నవాళ్ల చేతికి చేరాక కనబడుతుంది. తెల్లగా వెళ్లిన గుర్తు గులాబీ రంగులోకి తిరుగుతుంది.

పాలిస్టర్‌కు అద్దేవి డిస్పర్స్ రంగులు. నీళ్లలో సరిగా కరగని ఈ రంగును ఒత్తిడి పెట్టి, సుమారు 130 డిగ్రీల వేడిలో పోగు లోపలికి పంపుతారు. పోగుతో రసాయన బంధమేమీ ఉండదు, లోపల చిక్కుకుని ఉంటుందంతే. మళ్లీ అంత వేడి తగిలితే పోగు సడలి, రంగు ఆవిరై బయటికొస్తుంది. మామూలు ప్లాస్టిసాల్ ఇంకు (పీవీసీ పొడిని ప్లాస్టిసైజర్‌లో కలిపి చేసేది) పండాలంటే, అంటే పూర్తిగా గట్టిపడాలంటే, 160 డిగ్రీలు కావాలి. అంటే ఇంకును పండించే వేడే బట్ట రంగును లేపుతుంది. పైగా ప్లాస్టిసాల్‌లోని ప్లాస్టిసైజర్ ఆ రంగును చక్కగా కరిగించుకునే ద్రవం. అందుకే డ్రయ్యర్ నుంచి తెల్లగా వచ్చిన ముద్రలోకి కూడా తర్వాత రోజుల తరబడి రంగు పాకుతూనే ఉంటుంది. వేసవిలో మూసిన లారీలో, రేకుల గోదాములో ఉంచితే ఇంకా త్వరగా పాకుతుంది.

బట్ట ఎంత రంగు విడుస్తుందో అచ్చు వేయకుండానే తెలుసుకోవచ్చు. ఐఎస్‌ఓ 105-పీ01 పద్ధతి మాకు సరిపోయింది. రంగు బట్ట ముక్కను రెండు తెల్ల పాలిస్టర్ ముక్కల మధ్య పెట్టి, హీట్ ప్రెస్‌లో 150, 180, 210 డిగ్రీల దగ్గర విడివిడిగా 30 సెకన్ల చొప్పున ఉంచాలి. తెల్ల ముక్కకు అంటిన రంగును పగటి వెలుతురులో చూడాలి. తెల్ల ముక్క తప్పకుండా పాలిస్టర్‌దే కావాలి. కాటన్ పెడితే డిస్పర్స్ రంగు దానికి అంతగా పట్టదు, బట్ట మంచిదేనన్న భ్రమ మిగులుతుంది.

మెరూన్ 150 దగ్గరే స్పష్టంగా అంటింది. నీలం 150 దగ్గర లీలగా, 180 దగ్గర బాగా అంటింది. క్రీము దేనికీ అంటలేదు. ఎరుపు, మెరూన్ ఇలాగే ప్రవర్తిస్తాయి, వాటిని ముందే అనుమానించాలి. నలుపు, ముదురు నీలం లాటును బట్టి మారతాయి. ఒకే కొట్టులో ఒకే నంబరు మీద కొన్న బట్ట అయినా కొత్త తాను వస్తే ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

ఏ ఇంకులు పక్కన పెట్టాం, ఎందుకు

కాగితం మీది రంగును వేడితో ఆవిరి చేసి బట్టలోకి దించే సబ్లిమేషన్ ట్రాన్స్‌ఫర్ ముదురు బట్ట మీద పనికిరాదు, అందులో తెలుపు ఉండదు. సిలికాన్ ఇంకు నాణ్యతలో గొప్పది, రంగును బాగా ఆపుతుంది, 120-130 డిగ్రీలకే పండుతుంది. కానీ ఖరీదు ఎక్కువ. పైగా ప్లాటినంతో పండే రకం గంధకం, అమైన్లు, తగరం సమ్మేళనాలు తగిలితే పండకుండా మొండికేస్తుంది. ఇతర ఇంకులు వాడే టేబుల్ మీద దానికి వేరే స్క్రీన్లు, వేరే గరిటెలు, వేరే స్క్వీజీ (స్క్రీన్ మీద ఇంకును నొక్కి లాగే పట్టీ) కావాలి. సాగని బ్యాగు బట్టకు ఇంత ఏర్పాటు అవసరం లేదు. సాగే ఆటల దుస్తులకైతే నిస్సందేహంగా దాన్నే తీసుకోవాలి.

మిగిలినవి మూడు: గాలికి ఆరే రెండు భాగాల పీయూ ఇంకు, తక్కువ వేడికి పండే ప్లాస్టిసాల్, నీటి ఇంకు.

మెరూన్ బ్యాగులు: రెండు భాగాల పీయూ

కుట్టేసిన బ్యాగును బెల్టు డ్రయ్యర్‌లో పంపడం మంచి పని కాదు. లోపలి ఫోమ్ వేడిని పీల్చేస్తుంది, జిప్పు, ప్లాస్టిక్ బకిల్ వంగుతాయి, ముద్ర దగ్గర ఎంత వేడి తగిలిందో తెలియదు. 150 దగ్గరే రంగు విడిచే మెరూన్ అసలు వేడి అడగని ఇంకునే కోరుకుంటుంది. అందుకే పీయూ. ఇంకులో హార్డెనర్ కలుపుతాం, ద్రావకం ఎగిరిపోయాక రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడతాయి. ప్లాస్టిసైజర్ లేదు కాబట్టి రంగు పాకడానికి దారి చాలా తక్కువ. అయినా పూర్తిగా లేదనలేం. సైక్లోహెక్సనోన్ లాంటి ద్రావకం ఎక్కువైతే అదే బట్ట రంగును కొద్దిగా కరిగించి తెల్లలోకి లాగుతుంది. పలచన చేసేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది.

కలిపే కొలత తూకంలోనే చూడాలి, మూతలతో, చెంచాలతో కాదు. మేము తీసుకున్న డబ్బా కాగితం మీద 100 భాగాలకు 10 హార్డెనర్ అని ఉంది. 150 గ్రాముల తెల్ల ఇంకు, 15 గ్రాముల హార్డెనర్, 15 నుంచి 20 గ్రాముల థిన్నర్. ముందు ఇంకు, హార్డెనర్ రెండు నిమిషాలు బాగా కలిపి, అప్పుడే థిన్నర్ పోయాలి. కలిపాక పది నిమిషాలు ఉంచితే బుడగలు పైకి తేలి పోతాయి.

150 గ్రాములే ఎందుకంటే వేడి. కాగితం మీద 20 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు నిలుస్తుందని రాసి ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. షెడ్డులో 40 ఉంటే మిగిలేది రెండు గంటలే. చిక్కబడిన మిశ్రమంలో మళ్లీ థిన్నర్ పోసి వాడటం అన్నిటికంటే చెడ్డ అలవాటు. చూడటానికి పలచనవుతుంది, కానీ లోపల ముడి అప్పటికే పడిపోయింది, ఇక బట్టను పట్టుకోదు. అలా వేసిన ముద్ర వారం తర్వాత పొరగా లేస్తుంది.

హార్డెనర్ ఐసోసయనేట్ రకం, గాలిలోని తేమతో కలిసి బుడగలు కడుతుంది. వానాకాలంలో ముద్ర మీద సూది మొనంత రంధ్రాలు కనబడితే ముందు హార్డెనర్ డబ్బానే చూడాలి. లోపల మబ్బుగా ఉన్నా, అంచున తెల్లగా గడ్డకట్టినా పారేయాలి. తీసిన వెంటనే మూత బిగించడం, చిన్న డబ్బాలు కొనడం మంచిది.

మెష్ (స్క్రీన్ జల్లెడ బట్ట) 61టి, అంటే సెంటీమీటరుకు 61 పోగులు, అంగుళానికి 155 దాకా. 77టితో తెల్లదనం చాలలేదు, కింది మెరూన్ కనిపిస్తోంది. 43టితో తెల్లదనం వచ్చింది గానీ అక్షరాల అంచులు లావయ్యాయి, ఆరడానికి రెట్టింపు సమయం పట్టింది. 61టి మీద రెండు స్ట్రోకులు (స్క్వీజీతో రెండుసార్లు లాగడం), మధ్యలో ఫ్రేము ఎత్తకుండా. ఎమల్షన్ (స్క్రీన్ మీద అచ్చు ఆకారాన్ని నిలిపే పూత) ద్రావకాలకు తట్టుకునే రకమే వాడాలి, నీటి ఇంకులకు అమ్మేది వేస్తే సైక్లోహెక్సనోన్ దాన్ని మెత్తబరుస్తుంది, వంద అచ్చుల్లోపే అంచులు ఊడతాయి. స్క్వీజీ కూడా పాలీయురేథేన్‌దే కావాలి. మామూలు రబ్బరు ఉబ్బి, అంచు అలలుగా తిరుగుతుంది. గట్టిదనం షోర్ ఎ కొలతలో 70.

బ్యాగు లోపల పెట్టే పలక మీదే సగం పని ఆధారపడుతుంది. 8 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అంచులు గుండ్రంగా అరగదీసి, ముద్ర పడే చోట మాత్రం 3 మిల్లీమీటర్ల రబ్బరు షీటు అతికించాం. దీనివల్ల కుట్లు, జిప్పు కిందికి దిగి, ముద్ర స్థలం ఎత్తుగా నిలుస్తుంది. షీటు లేకపోతే స్క్రీన్ ముందు కుట్టుకు తగిలి, దాని పక్కన ఇంకు దిగదు. స్క్రీన్‌కూ బట్టకూ మధ్య ఖాళీ 3 నుంచి 4 మిల్లీమీటర్లు.

మధ్యాహ్నం వేడికి ఇంకు మెష్‌లోనే ఆరుతుంది, స్క్రీన్ ఎత్తేటప్పుడు సాలెపట్టు దారాల్లాంటి తీగలు లేచి బట్ట మీద పడతాయి. మామూలు థిన్నర్ బదులు మెల్లగా ఆరే రిటార్డర్‌ను ఇంకులో 5 శాతం కలిపితే తగ్గాయి. అంతకంటే పోస్తే పై చెప్పిన రంగు లాగడం మొదలవుతుంది. వీలైతే తెల్లవారుజాము నుంచి పది గంటల లోపు వేసుకోవడమే మేలు.

అరగంటలో ముట్టుకుంటే అంటదు. దీన్ని చూసి ఇంకు పండిందనుకోవద్దు. ఆ రోజే టేపు అతికించి లాగితే కొంత ఊడి వస్తుంది. 24 గంటలకు తగ్గుతుంది, 72 గంటలకు టేపుకు ఏమీ రాలేదు. మొదటి రోజు ఫలితం చూసి మంచి ఇంకును తిప్పి పంపేవాళ్లు చాలామంది. గీతల గడి కోసి చేసే టేపు పరీక్ష లోహానికి సరిపోతుంది గానీ, బట్టను బ్లేడుతో కోస్తే పోగులే తెగి లెక్క తప్పుతుంది. ముద్రను మడిచి గోటితో నొక్కి, మడత మీద టేపు లాగడం, తడి తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దడం ఈ రెండూ చాలు.

మెరూన్ ముఖం ఆల్కహాల్‌తో తుడిచిన చోట, తుడవని చోట పక్కపక్కనే వేసి చూశాం. తుడవని చోట 72 గంటల తర్వాత కూడా మడత దగ్గర లేచింది. కాబట్టి ప్రతి బ్యాగూ తుడవాలి. పని పెరుగుతుంది, తప్పదు.

నీలం ముక్కలు: బూడిద పొర మీద తెల్ల ప్లాస్టిసాల్

ఇవి చదునైన ముక్కలు, బెల్టు డ్రయ్యర్ ఉంది, నీలం రంగు 150 లోపల పెద్దగా కదలడం లేదు. కాబట్టి 130 నుంచి 138 డిగ్రీలకు పండే తక్కువ వేడి ప్లాస్టిసాల్ ఇక్కడ సరిపోతుంది. స్క్రీన్ మీద ఆరదు కాబట్టి నింపాదిగా వేసుకోవచ్చు. వేసవిలో ఈ సౌకర్యం చిన్నది కాదు.

దాని కింద రంగు ఆపే బూడిద ఇంకు వేశాం. అందులోని కార్బన్ బ్లాక్ పైకి వచ్చే డిస్పర్స్ రంగును తనలో పట్టేసుకుంటుంది. తెల్ల పిగ్మెంటుకు ఆ పట్టు లేదు, ఎంత మందంగా వేసినా రంగు దాని గుండా పైకొస్తుంది. బూడిద పొర 43టి మెష్‌తో ఒక స్ట్రోకు, ఫ్లాష్ (పొరను పైపైన ఆరబెట్టే వేడి దీపం) కింద జిగట పోయేదాకా, దాని మీద 61టితో తెల్ల రెండు స్ట్రోకులు. బూడిద ఆకారాన్ని తెల్లదానికంటే చుట్టూ 0.3 మిల్లీమీటర్లు లోపలికి తగ్గించాలి, లేకపోతే అంచున బూడిద గీత కనబడుతుంది. ఫ్లాష్ దీపం కింద ముక్కను మరచిపోతే డ్రయ్యర్‌లో కాపాడుకున్నదంతా అక్కడే పోతుంది. ఫ్లాష్ దగ్గర 180 దాటడానికి కొన్ని సెకన్లు చాలు.

డ్రయ్యర్ మీటరు చూపే అంకె గాలిది. ఇంకు మీద వేడి తెలియాలంటే అతికించే వేడి పట్టీలు వాడాలి. మేము పట్టీని ముద్ర మీదే అంటించి, 135 చూపేదాకా బెల్టు వేగం తగ్గించుకుంటూ వెళ్లాం. పండిందో లేదో సాగదీసి చూసే అలవాటు టీషర్టులకు. ఈ బట్ట సాగదు కాబట్టి ఆ పరీక్ష ఏమీ చెప్పదు. ముద్ర మీద ఇథైల్ అసిటేట్ చుక్క వేసి, తెల్ల కాటన్ గుడ్డ పెట్టి ఒక నిమిషం నొక్కి ఉంచితే, పండని ఇంకు గుడ్డకు అంటుతుంది.

డ్రయ్యర్ నుంచి వచ్చిన ముక్కలను వేడి మీద పేర్చకూడదు. దొంతరలో వేడి గంటల తరబడి లోపలే ఉండి రంగును లేపుతుంది. తెల్ల ఇంకులోని కొన్ని పదార్థాలు ఎదుటి ముక్క మీద గుర్తు నీడను కూడా దించుతాయి, ఆ నీడ పోదు. చేతికి చల్లగా తగిలాకే పేర్చాలి.

పిల్లల బ్యాగులు కాబట్టి థాలేట్లు (ప్లాస్టిసైజర్లలో ఒక రకం) లేని ప్లాస్టిసాల్ అని రాతపూర్వకంగా తీసుకున్నాం. ఐరోపాకు వెళ్లే సరుకైతే ఇది తప్పనిసరి. డీఈహెచ్‌పీ సహా నాలుగు థాలేట్లు కలిపి 0.1 శాతం మించకూడదన్న పరిమితి 2020 జులై నుంచి అక్కడ ఎక్కువ వస్తువులకు వర్తిస్తోంది.

చేతిసంచులు: నీటి ఇంకు

పూత లేని లేత బట్ట, రంగు విడవదు. ఆకుపచ్చ నీటి ఇంకులో 3 శాతం ఫిక్సర్ కలిపి 61టి మీద వేశాం. మెష్‌లో ఆరకుండా ప్రతి అచ్చు తర్వాత ఇంకును స్క్రీన్ మీద పరిచి ఉంచాలి, దగ్గర నీళ్ల స్ప్రే ఉండాలి. ఎమల్షన్ నీటికి తట్టుకునే రకం. గాలికి ఆరాక డ్రయ్యర్‌లో ఒకసారి పంపితే తడి రుద్దుడికి నిలిచింది. ఈ పనిలో చెప్పుకోదగ్గ చిక్కు ఏదీ రాలేదు.

తెలుగు అక్షరాల సంగతి

600 డీనియర్ బట్ట నేత గరుకు. 9000 మీటర్లు 600 గ్రాములు తూగే లావు పోగు అది. నేత గళ్ల మీద సన్నని గీత విరిగిపోతుంది, సన్నని ఖాళీ పూడిపోతుంది. ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయిన పరిమాణం తెలుగుకు సరిపోదు. ఒత్తులు, గుడులు, తలకట్టుకూ అక్షరానికీ మధ్య సందు ముందుగా మూసుకుపోతాయి. గీత 0.6 మిల్లీమీటర్లకు, ఖాళీ 0.8కి తగ్గకుండా చూసుకున్నాం. ఖాళీకి ఎక్కువ ఎందుకంటే ఇంకు పక్కలకు పాకుతుంది. అంకెలు సరిపోయినా ఒత్తు ఉన్న పదాన్ని అదే బట్ట మీద వేసి, రెండడుగుల దూరం నుంచి చదివి చూడాలి. బడి పేరులో ‘క్ష్మీ’ మొదట స్క్రీన్ తయారీకి తీసిన నల్ల ఫిల్ముపై చక్కగా ఉంది, బట్ట మీద ముద్దయింది. ఫాంటు మార్చకుండా ఒత్తును మాత్రం కాస్త కిందికి దించి, దాని చుట్టూ సందు పెంచితే చదవగలిగింది.

జాగ్రత్తలు, ఖర్చయ్యే ఇంకు

సైక్లోహెక్సనోన్ ఆవిరి అంటుకునే కనీస వేడి 44 డిగ్రీలు. విజయవాడలో మే నెల ఎండ కొన్ని రోజుల్లో ఆ అంకెను తాకుతుంది, రేకుల కింద ఇంకా ముందే. పీయూ వేసే చోట ఫ్లాష్ దీపం, గ్రైండర్, తెరిచిన స్విచ్ ఏదీ ఉండకూడదు. ప్లాస్టిసాల్ టేబుల్‌ను షెడ్డు అవతలి కొసకు మార్చింది ఇందుకే. ఐసోసయనేట్ ఒకసారి ఊపిరికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం తెస్తుంది. కాబట్టి కలిపే చోట బయటికి లాగే ఫ్యాను, ఆవిరి వడపోసే మాస్కు ఉండాలి. నీలం నైట్రైల్ చేతి తొడుగులు ఈ ద్రావకానికి ఎక్కువసేపు ఆగవు, బ్యూటైల్ రబ్బరువి ఆగుతాయి.

ముద్ర విస్తీర్ణం 300 చదరపు సెంటీమీటర్లు, అందులో ఇంకు పడేది 40 శాతం, అంటే 120. ఈ మెష్ మీద రెండు స్ట్రోకులకు, బట్ట పీల్చేది కలిపి బ్యాగుకు సుమారు ఒక గ్రాము. వెయ్యి బ్యాగులకు ఒక కిలో, స్క్రీన్ మీద, డబ్బా గోడలకు మిగిలేదానికి మరో 15 శాతం. కలిపిన 180 గ్రాములు 150 బ్యాగులకు వస్తాయి, అది గంటన్నర పని, నిలిచే రెండు గంటల లోపలే.

ఇప్పుడు ఎక్కడున్నాం

మెరూన్ బ్యాగులు తీగల మీద వేలాడుతున్నాయి. 72 గంటలు నిండినవాటిని మాత్రమే బటర్ పేపర్ మధ్య పెట్టి పెట్టెల్లోకి సర్దుతున్నాం. నీలం ముక్కలు కుట్టుకు వెళ్లాయి. అక్కడ ఇస్త్రీ పెట్టె ముద్ర మీదికి రాకూడదని కట్ట మీద చీటీ అంటించాం. రెండు రకాల్లోనూ కొన్ని ముక్కలు 60 డిగ్రీల ఓవెన్లో బరువు కింద ఉన్నాయి, తెల్లదనం పక్కన పెట్టిన అసలు ముక్కతో పోల్చి రోజూ చూస్తున్నాం. మెరూన్ బట్ట కొత్త తాను రాబోతోంది. దానికీ మొదట నీటి చుక్క, తర్వాత 150 డిగ్రీల తెల్ల ముక్క పరీక్ష. రెండూ చూశాకే ఇంకు కలుపుతాం.